రిమార్కుల గడి

మొదట పెద్ద పిట్టే అనుకున్నాను.
అంత గొంతున్నది కొబ్బరి మట్ట మీదో
కరెంటు స్తంభం మీదో కూర్చోవాలి గదా.
తువ్వీ తువ్వీ తువ్వీ తువ్వీ...
కాలవ గట్టు మీది మోటారు మోతను కూడా దాటి వస్తోంది.
మెడ పట్టేసేదాకా పైకే చూశాను.
అది నా మోకాలి ఎత్తున,
పంపరపనస అంట్ల వరసలో,
బొటనవేలంత ఉంది.

కడియపులంకలో పదకొండేళ్లుగా నర్సరీ గుమాస్తాని.
నాలుగొందల మొక్కల లాటిన్ పేర్లు
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
దీని పేరు తెలియక
స్టాకు రిజిస్టరు వెనకట్ట మీద పెన్సిలుతో రాసుకున్నాను:
నెత్తిన తుప్పు. వీపు పాత సోడాసీసా పచ్చన.
పొట్ట, ఉతికి ఉతికి నీరసించిన తెలుపు.
తోక నిక్కబొడుచుకునే ఉంటుంది, ఎవరితోనో పందెం కాసినట్టు.
పిచ్చుక కాదు.
తేనెపిట్ట కాదు, ముక్కుకి ఆ వంకర లేదు.
పిగిలి అసలే కాదు.
మెడకి రెండు పక్కలా నల్లమచ్చ.

మర్నాడు మచ్చ లేదు. కొట్టేశాను.
ఎల్లుండి ఉంది. మళ్లీ రాశాను.
అయితే ఇవి రెండనుకుని
మచ్చదానికొకటి, లేనిదానికొకటి
అట్ట మీద రెండు ఖాతాలు తెరిచాను.

"ఒకటేనండి బాబూ," అంది చిట్టిమాణిక్యం
అంటు కడుతూనే, పళ్ల మధ్య ప్లాస్టిక్ రిబ్బనుతో.
"అరిసేటప్పుడు సూడండి."

చూశాను.
గొంతు సాగినప్పుడు ఈకలు విడిపోయి
అడుగునున్న నలుపు బయటపడుతోంది.
నోరు మూస్తే మాయం.
నేను మాత్రం ఇన్నాళ్లూ
అది ఊరుకున్నాకే పెన్సిలు తీశాను.

లిక్కుజిట్ట అంటారట వాళ్ల అమ్మమ్మ వైపు.
పురుగుమందుల కొట్టు భాస్కరమూర్తి దర్జీపిట్ట అన్నాడు.
రెండూ రాసుకున్నాను. పిట్ట దేనికీ పలకలేదు.

ఆకుముడత పట్టిందని
నేను పంపు తెప్పించిన మొక్క ఒకటుంది.
గొట్టం ఎత్తేలోగా మాణిక్యం చెయ్యి అడ్డం పెట్టింది.
అది ముడత కాదు, కుట్టు.
ఆకు అంచుల వెంట సూదిబెజ్జాలు,
వాటిల్లోంచి బూరుగు దూది, సాలీడు దారం,
మాణిక్యం పాత చీర ఎర్రపోగు ఒకటి.
సంచి లోపల చిటికెడు చీకటి,
ఆ చీకట్లో తెరుచుకుని మూడు నోళ్లు.

"ముడెయ్యలేదేం?" అన్నాను.
"ముడెందుకండి? దూది పీసు బెజ్జంలో ఉబ్బి ఆగిపోద్ది.
బిగిస్తే ఆకు సచ్చిపోద్ది, సచ్చిన ఆకు రాలిపోద్ది.
మన కట్టు మాత్రం ఇంకేటండి?"
అని తన అంటు నా చేతిలో పెట్టింది.
రిబ్బను కింద కొమ్మ నా వేలికి
కొంచెం, చాలా కొంచెం, కదిలింది.

శుక్రవారం నాగపూర్ లారీ వచ్చింది.
మూడొందల పంపరపనసలు.
డ్రైవరు లెక్కపెట్టి రెండొందల తొంభై తొమ్మిదన్నాడు.
ఓనరు గారు నా వైపు చూశారు.
నేను రిజిస్టరు వైపు చూశాను.
తడి గోనెసంచుల వెనక నీడలో
ఒక్క కుండీ వీపు తిప్పుకుని నిలబడింది.
రిమార్కుల గడిలో రాశాను: "కుట్టుపనిలో ఉంది."
ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.
ఏమీ అనలేదు. నూట నలభై నా జీతంలో పట్టారు.

తొమ్మిది రోజులకి గూడు ఖాళీ.
ఎగిరిపోయాయో, జెముడుకాకి పాలయ్యాయో
ఎవరమూ చూడలేదు.
కుట్టు విప్పలేదు నేను. ఆకు ఇంకా పచ్చగానే ఉంది.

ఇవాళ పొద్దున్న మోటారు ఆపగానే
తువ్వీ తువ్వీ తువ్వీ, ఎక్కడో నందివర్ధనాల్లో.
నేను మెడ ఎత్తలేదు.
మాణిక్యమూ ఎత్తలేదు.
"మచ్చ కనపడతందా?" అంది.
"ఆఁ," అన్నాను, ఆకుల్లోకి చూడకుండానే,
లెక్క రాసుకుంటూ.